మంచి కండిషన్‌లో ఉన్న ఉయ్యాల

నేను వెళ్ళేసరికి పెద్దమ్మను ఆమె ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టారు, కానీ ఆమె కుర్చీలో కాదు. ఆ కుర్చీలో ఇస్త్రీ కూర్చున్నాడు. ఆమె బల్లకు ఇవతల, కొత్తగా వచ్చిన ఆడవాళ్ళను కూర్చోబెట్టే ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. నాకు ఒళ్ళు మండడానికి అది చాలు.

ఇస్త్రీ అంటే సంక్షేమ శాఖ విచారణాధికారి. ఒకప్పుడు సైబర్ నేరాల విభాగంలో అతనూ నేనూ పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. చొక్కా మీద ముడత పడనివ్వడు. రిపోర్టు మీద అసలే పడనివ్వడు. ఆ పేరు పెట్టింది నేనే. నేను ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక అతను నన్ను 'మాజీ' అనడం మొదలుపెట్టాడు. ఆ రకంగా ఇద్దరం ఒకరికొకరం బాకీ లేం.

అది మొగుళ్ళ చేతుల్లో చావుదెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లు. బయట బోర్డు ఉండదు. అడ్రసు ఎక్కడా అచ్చు కాదు. ఊళ్ళో ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక వార్డెన్. ఈ ఇంటి వార్డెన్‌ను లోపలున్న వాళ్ళంతా పెద్దమ్మ అనే పిలుస్తారు.

నిన్న సాయంత్రం ఇక్కడున్న బాలింత మొగుడు తిన్నగా వచ్చి గేటు ముందు నిలబడ్డాడు. అరవలేదు, రాయి విసరలేదు. భార్యను ముద్దుపేరుతో పిలిచి, "నీ గది కిటికీ ఇటువైపేగా" అన్నాడట. పోలీసులు వచ్చేలోపు వెళ్ళిపోయాడు. అంతకుముందు ఒకసారి అతనికి దొరికినప్పుడు ఆ పిల్ల నెలల తరబడి ఆసుపత్రి మంచం దిగలేదు. ఈసారి దొరికితే ఆసుపత్రి దాకా వెళ్ళే పని ఉండదని అతనే కబురు పంపాడు. అందుకే నిన్ననే ఆమెనూ, పురిటి వాసన ఇంకా పోని పసిగుడ్డునూ వెనక తలుపులోంచి ఇంకో ఇంటికి తరలించారు. ఏ ఇంటికో ఇస్త్రీకి తెలుసు, కారు నడిపిన పోలీసుకు తెలుసు. పెద్దమ్మకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, అడ్రసు అమ్ముకుంది ఆవిడే అని ఇస్త్రీ తేల్చేశాడు. సాయంత్రానికి అరెస్టు చేయిస్తానన్నాడు. ఆవిడ కోడలు ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది అందుకే. "మా అత్తయ్య నాతో పోట్లాడుతుంది, పక్కింటివాళ్ళతో పోట్లాడుతుంది. అబద్ధం మాత్రం ఆడదండీ" అంది. ఒక కోడలు అత్తకు అంతకన్నా గట్టి సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి నేను వెంటనే బయలుదేరాను.

ఇస్త్రీ తన దగ్గరున్న సాక్ష్యం నా ముందు పెట్టాడు. ఈ ఇళ్ళన్నిటికీ కలిపి ఒక వెబ్‌సైటు ఉంది. వార్డెన్లు అందులోనే పని చేసుకుంటారు. ఎవరి ఇంటి ఫైళ్ళు వాళ్ళకే కనిపిస్తాయి. మొన్న మధ్యాహ్నం పెద్దమ్మ పేరుతో బాలింత ఫైలు తెరుచుకుంది. ఇంటి అడ్రసు, గది, కిటికీ ఎటువైపో కూడా అందులో ఉంది. తెరిచింది ఈ ఆఫీసు కంప్యూటర్‌లోంచి కాదు, బయట ఇంకేదో కనెక్షన్ మీద నుంచి.

నేను పెద్దమ్మ వైపు తిరిగాను. మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నారని అడిగాను.

"కార్లో ఉన్నానమ్మా. తల్లినీ పిల్లనీ ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నా. పిల్ల నా ఒళ్ళోనే ఉంది."

"మీ ఫోన్?"

ఆమె చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకున్న ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. బటన్ల ఫోన్. ఫొటోలూ లొకేషన్లూ బయటికి పోతాయని ఈ ఇళ్ళలో స్మార్ట్ ఫోన్ వాడనివ్వరు, వార్డెన్లయినా సరే.

"దాంతో ఫైలు తెరవడం కుదరదు," అన్నాను.

"కుదరదని నాకూ తెలుసు," అన్నాడు ఇస్త్రీ. "అందుకే పాస్‌వర్డ్ ఇంకెవరికో ఇచ్చిందంటున్నాను. అది ఇంకా పెద్ద నేరం."

ఇవ్వలేదని పెద్దమ్మ అంది. గొంతు పెంచలేదు. పాస్‌వర్డు తన చనిపోయిన కూతురి పేరు మీద పెట్టుకున్నదనీ, అది నోటితో పలకాల్సి వస్తే తనకు మాట పెగలదనీ చెప్పింది. ఇస్త్రీ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట గుండెలో కలుక్కుమంది. అయినా కలుక్కుమన్నంత మాత్రాన అది సాక్ష్యమైపోదు కదా, అందుకని నేను రికార్డు ఇంకోసారి అడిగి తీసుకున్నాను.

ఫైలు ఎవరు తెరిచారన్న పేజీ ఒక్కటే చూసి అతను ఆగిపోయాడు. నేను లాగిన్ల పేజీ చూశాను. మొన్న ఆమె పేరుతో పాస్‌వర్డు కొట్టింది ఒక్కసారే. అదీ పొద్దున్నే, ఈ గదిలోని కంప్యూటర్ నుంచే. మధ్యాహ్నం ఫైలు తెరిచినవాడు పాస్‌వర్డు కొట్టనే లేదు. తలుపు దగ్గర కనపడనివాడు నట్టింట్లో కనపడుతున్నాడు.

ఆ సంగతే ఇస్త్రీకి చెప్పాను. పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్ళగానే సైటు మన బ్రౌజర్ చేతిలో ఒక టోకెన్ పెడుతుంది. కుకీ అనేది దాన్నే. ఆ తర్వాత ప్రతి పేజీకీ పాస్‌వర్డు అడగదు, టోకెన్ చూసి పొమ్మంటుంది. అంటే ఆ టోకెన్ ఎవడి చేతిలో ఉంటే వాడే పెద్దమ్మ. పాస్‌వర్డు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. టోకెన్ కొట్టేశారు.

"కథ బాగుంది మాజీ గారూ," అన్నాడు ఇస్త్రీ. "కోర్టు రికార్డు చూస్తుంది. రికార్డులో ఉన్నది ఈవిడ పేరు."

"రికార్డు నిజమే చెప్పింది. మీరు సగం విని లేచి వచ్చేశారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. పాతరోజుల్లో కూడా అంతే, ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత మెమో వచ్చేది.

ఇక కంప్యూటర్ మిగిలింది. పెద్దమ్మ అకౌంటు నిన్ననే ఆపేశారు కానీ, తెర మీద పేజీ ఆమె వదిలినది వదిలినట్టే ఉంది. ఎవరూ కదపలేదు. ఆమె కంప్యూటర్ ఎప్పుడూ ఆపదు. ఏ వేళప్పుడు ఏ ఆడపిల్ల సాయం కోసం సైటులో రాస్తుందో అని పొద్దున తెరిచిన పేజీ రాత్రి దాకా అలాగే ఉంచుతుంది, కొత్త మెసేజీ వస్తే గంట మోగుతుంది. మొన్న ఆసుపత్రికి బయలుదేరే ముందు చివరిగా ఏం చూశారని అడిగాను.

"ఉయ్యాల," అంది.

దాతలు ఇచ్చే వస్తువుల పేజీ అది. బట్టలో, మంచాలో, కుక్కరో, ఎవరైనా బయటినుంచి వివరం రాసి పెట్టొచ్చు. అన్ని ఇళ్ళ వార్డెన్లకూ అది కనిపిస్తుంది. పసిపిల్ల ఇంటికొస్తోంది, పడుకోబెట్టడానికి ఏమీ లేదు, సరిగ్గా ఆ పొద్దునే ఆ ప్రకటన కనిపించింది. దేవుడే పంపాడనుకుందట. దాని సంగతి ఏమైందోనని నిన్న పొద్దున మళ్ళీ తెరిచిందట, తెరపై ఇంకా ఉంది: 'మంచి కండిషన్‌లో ఉన్న చెక్క ఉయ్యాల. మా పాపకు ఇక అవసరం లేదు. విప్పి తెచ్చి, మేమే బిగించి ఇస్తాం.'

ఆ రెండో వాక్యాన్ని ఇంకోసారి చదివాను.

కింద ఇచ్చిన నంబరుకు చేశాను. అలాంటి నంబరే లేదంది. అక్షరాల కింద, తెరుచుకోని ఫొటో ఒకటి చిన్న ఖాళీ గడిలా ఉంది. ఆ పేజీ వెనక రాత తెరిచి చూశాను. ఉయ్యాల వివరాలు అయిపోయిన చోట, మనిషి కంటికి కనిపించకుండా ఒక స్క్రిప్టు లైను ఉంది. ఎవరు ఈ పేజీ తెరిస్తే వాళ్ళ బ్రౌజర్‌లో ఉన్న టోకెన్ చదివి, బయట ఎక్కడో ఉన్న అడ్రసుకు పంపించెయ్యమని దానికి పురమాయింపు. దాత రాసింది రాసినట్టు వడకట్టకుండా తెర మీద పెట్టడం సైటు చేసిన మొదటి తప్పు.

ఇస్త్రీ చూపించిన కాగితాల్లో చదివిన బాలింత నిన్నటి వాంగ్మూలం గుర్తొచ్చింది. మొగుడి పని వెబ్‌సైట్లలో లోపాలు వెతకడం. కంపెనీలు అందుకే అతనికి జీతమిస్తాయి. "ఆయన తలుపులు విరగ్గొట్టడండీ. తాళం ఎవరు ఎక్కడ పెడతారో చూస్తూ కూర్చుంటాడు" అని చెప్పింది. భార్యకు నెలలు నిండే రోజు అతనికి తెలుసు. ఏదో ఒక ఇంట్లో పసిబిడ్డ కోసం ఉయ్యాల వెతుకుతారనీ తెలుసు. ఎర వేసి కూర్చున్నాడు.

"ఆ ఉయ్యాల వచ్చిందా?" అని పెద్దమ్మను అడిగాను.

"ఎక్కడమ్మా. దాతలను మేం గేటు దగ్గరికి రానివ్వం. వస్తువు గోడౌనుకు పోవాలి, ఆఫీసర్ గారి ఆమోదం మా స్క్రీన్ మీద పడాలి, అప్పుడే గేటు తీస్తాం. ఆమోదం రాలేదు, అడుగుదామనుకునేలోపు ఇదంతా అయింది."

ఇస్త్రీ వంగి తెర చూశాడు, తల పంకించాడు. ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు. ఆ కంప్యూటర్ సాక్ష్యం కాబట్టి ముట్టుకోవద్దని అతనికి గట్టిగా చెప్పి, సైటు తయారుచేసినాయనకు కబురు పెట్టాను. ఆయన ఊరికి ఆ చివర ఉంటాడు. రావడానికి గంట పట్టింది.

వచ్చినాయన యాభై దాటిన మనిషి, ల్యాప్‌టాప్ బ్యాగు గుండెకు హత్తుకుని వచ్చాడు. ఆయన్ను వంటగది పక్కన భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాను. బ్రౌజర్‌కు టోకెన్ ఇచ్చేటప్పుడు దాని మీద ఒక గుర్తు వేయొచ్చు, హెచ్‌టీటీపీ ఓన్లీ అంటారు. ఆ గుర్తు ఉంటే బ్రౌజర్ టోకెన్‌ను సైటుకు మాత్రమే చూపిస్తుంది, పేజీలో నడిచే స్క్రిప్టులకు కనపడనివ్వదు. నేను అడిగింది ఒక్కటే, ఆ గుర్తు ఎందుకు లేదని.

ఆయన నీళ్ళు నమిలాడు. ముందు ఉండేదన్నాడు. తర్వాత ఏదో అప్‌డేట్‌లో పోయిందేమో అన్నాడు. ఏ అప్‌డేట్‌లో అని అడిగాను.

"నేనే తీసేశానండీ," అన్నాడు చివరికి.

ఇరవై నిమిషాలు కదలకపోతే సైటు వార్డెన్లను బయటికి నెట్టేసేదట. వాళ్ళేమో కంప్యూటర్ ముందు కూర్చునే మనుషులు కారు. ఒకరికి దెబ్బ కడుతుంటారు, ఇంకొకరికి అన్నం పెడుతుంటారు. వచ్చి చూసేసరికి పేజీ మూసుకుపోయి ఉండేది, గంట మోగేది కాదు. ఒకసారి అలా ఒక ఆడపిల్ల రాసిన మెసేజీ ఎవరూ చూడలేదు. పొద్దున చూసేసరికి ఆ పిల్ల లేదు. ఆ తర్వాత వార్డెన్లంతా ఈయన మీద ఒంటికాలి మీద లేచారు. అప్పుడు ఈయన పేజీలో 'నేను ఇక్కడే ఉన్నాను' అని ఒక బటన్ పెట్టాడు. ఒక్కసారి నొక్కితే ఆ పూటంతా పేజీయే టోకెన్‌కు ఆయుష్షు పోస్తూ ఉంటుంది. అలా పోయాలంటే పేజీలోని స్క్రిప్టు టోకెన్‌ను చదవగలగాలి. గుర్తు ఉంటే చదవలేదు. వేరే దారిలో చేయడానికి వారం పడుతుందని, ముందు గుర్తు తీసేసి తర్వాత చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత అనేది ఈ రోజు దాకా రాలేదు.

ఆయన్ను తిట్టాలనిపించింది, తిట్టలేకపోయాను. దయతో తీసిన గడియ అది, పాము దాంట్లోంచే వచ్చింది.

"గుర్తు ఉండుంటే వాడు రాలేకపోయేవాడా?" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుర్తు ఒక్కటే సర్వరక్ష కాదు. ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపూ స్క్రిప్టు పెద్దమ్మ తెర మీదే కొంత అల్లరి చేయగలిగేది. కానీ టోకెన్ జేబులో వేసుకుని ఇంటికి పోయి, తీరిగ్గా కూర్చుని ఆమెలా తిరగడం కుదిరేది కాదు. ఇంకోటి అడిగాను. లాగౌట్ నొక్కితే టోకెన్ చచ్చిపోతుందా అని. బ్రౌజర్‌లోంచి పోతుంది కానీ సర్వర్ మాత్రం రాత్రి దాకా దాన్ని ఒప్పుకుంటూనే ఉంటుందని ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. అంటే దొంగిలించిన టోకెన్‌కు లాగౌట్ వినపడదు.

అప్పటికి పెద్దమ్మ మీద ఉన్న కేసు నా దృష్టిలో అయిపోయింది. ఆయన్ను వెంటబెట్టుకుని ఆఫీసు గదికి నడిచాను. లోపల ఇస్త్రీ ఇంకా ఆమె కుర్చీలోనే ఉన్నాడు. ముందు తన ల్యాప్‌టాప్, పక్కన వరండా ప్రింటర్‌లోంచి తెచ్చుకున్న కాగితం, అంచులు సమానంగా సర్ది ఉంది. ముఖం ప్రసన్నంగా ఉంది.

"మీ సిద్ధాంతం నేను కొట్టిపారేయలేదు మాజీ గారూ," అన్నాడు. "సాక్ష్యం పద్ధతిగా సేకరించాను."

కాగితం నా వైపు జరిపాడు. మంచి కండిషన్‌లో ఉన్న చెక్క ఉయ్యాల. కింద ఖాళీ గడి. ఆ కింద, పేజీ చివర, ప్రింటు తీసినవారి హోదా: విచారణాధికారి.

ఆ హోదా మీద వేలు పెట్టాను.

"ఇది ఎక్కడ తెరిచారు?"

"నా ల్యాప్‌టాప్‌లో. ఆ కంప్యూటర్ ముట్టుకోవద్దన్నారుగా, ముట్టుకోలేదు. ప్రింటు మీద విచారణాధికారి పేరు లేకపోతే కోర్టులో చెల్లదు. అందుకని నా అకౌంట్‌తో లాగిన్ అయి తీశాను."

కంప్యూటర్ ముట్టుకోవద్దన్నాను. పేజీ ముట్టుకోవద్దని చెప్పలేదు. సైబర్ నేరాల్లో అన్నేళ్ళు పనిచేసినవాడికి అది కూడా విడమరిచి చెప్పాలా అనుకున్నాను, అక్కడే నేను పొరబడ్డాను.

"ఎప్పుడు?"

"మీరు వంటగది వైపు వెళ్ళేముందే. గంటన్నర అయి ఉంటుంది. ఏం?"

"వార్డెన్‌కు ఆమె ఇల్లు ఒక్కటే కనిపిస్తుంది. మీకు ఎన్ని కనిపిస్తాయి?"

"అన్నీ," అన్నాడు. చొక్కా మెడ దగ్గర మొట్టమొదటిసారి ముడత చూశాను.

సైటు చేసినాయన నిలబడే ల్యాప్‌టాప్ తెరిచి రికార్డు లాగాడు. ఇస్త్రీ పేరు రెండు చోట్ల నుంచి తిరుగుతోంది. ఒకటి ఈ గది. రెండోది, మొన్న పెద్దమ్మ పేరుతో తిరిగిన అదే బయటి కనెక్షన్. ఆ రెండో ఇస్త్రీ ముందు బాలింత ఫైలు తెరిచాడు. కొత్త ఇంటి అడ్రసు చూశాడు. తర్వాత ఇంకో పని చేశాడు. అదేమిటో చదివి ఆయన నా వైపు తిరిగాడు.

"ఆమోదం ఇచ్చాడండీ," అన్నాడు. "ఉయ్యాలకి."

టోకెన్లన్నీ సర్వర్‌లోనే చంపెయ్యమని ఆయనకు చెప్పి, ఆ కొత్త ఇంటి ఫోన్ నంబరు అడిగాను. ఇస్త్రీ నంబరు చెబుతూ ఒక అంకె రెండుసార్లు చెప్పాడు. ఆ వెంటనే తన ఫోన్‌లో పోలీసులను పిలవడం మొదలుపెట్టాడు. నేను ఆ నంబరుకు చేసి స్పీకర్ పెట్టాను. అవతల ఎత్తింది ఆ ఇంటి వార్డెన్. హాయిగా, పని బాగా జరుగుతున్న మనిషి గొంతులా ఉంది.

"ఉయ్యాలా? వచ్చిందండీ. ఆఫీసర్ గారి ఆమోదం, దాతే ఇంటికొచ్చి బిగించొచ్చన్న నోటు స్క్రీన్ మీద చూశాకే గేటు తీశాను. తెచ్చినాయన చాలా మర్యాదస్తుడు. పైగదిలో బిగిస్తున్నాడు."

వెనక ఎక్కడో, మేడ మీద నుంచి, సుత్తి చప్పుడు వినిపిస్తోంది. తొందర లేని చప్పుడు.

"బాలింత ఎక్కడుంది?" అన్నాను.

"స్నానానికి వెళ్ళింది. పాప పైనే పడుకుని ఉంది. పడుకున్న పిల్లను లేపడమెందుకని అక్కడే ఉంచేశాం."

ఆ వార్డెన్ కెవ్వుమంటే పైన ఉన్నవాడికి వినపడుతుంది. ఇస్త్రీ పోలీసులకు అడ్రసు చెబుతున్నాడు, వాళ్ళు ఎంత తొందరగా వచ్చినా సరిపోదు. అప్పుడు పెద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచింది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. పొద్దుటి నుంచీ దొంగలా కూర్చోబెట్టిన మనిషి గొంతు అంత నిబ్బరంగా ఉంటుందని నేను అనుకోలేదు.

"చెల్లీ, నేనే. గొంతు మార్చకు, నవ్వుతూనే విను. స్నానాల గదికి బయటనుంచి గడియ పెట్టు, ఆ పిల్లను బయటికి రానివ్వకు. తర్వాత పైకి వెళ్ళు. పాల టైమైందని చెప్పి పాపను చేతుల్లోకి తీసుకో. అతను ఏమడిగినా సరేనను. తిరిగి మెట్లు దిగేదాకా వెనక్కి చూడకు."

"అలాగే అక్కా," అని అవతల చిన్న గొంతు. ఆ వార్డెన్ ఫోన్ పెట్టెయ్యలేదు, చేతిలోనే ఉంచుకుంది. గడియ పడింది. చెప్పులు వదిలేసి మెట్లెక్కుతున్న అడుగులు వినిపించాయి.

మేం నలుగురం ఆ ఫోన్ మీదకు వంగి నిలబడ్డాం. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది.

అడుగులు ఆగాయి. తలుపు కిర్రుమంది.

సుత్తి చప్పుడు ఆగిపోయింది.